ఫుట్‌బాల్ ప్రొఫెషనలిజం మీద పోస్టర్లు: మెస్సీ బొమ్మ లేకుండా కుదరదా?

చీపురుపల్లి_పీఈటీ
మా స్కూల్లో ఎగ్జిబిషన్ ఉంది. వ్యాయామ విభాగానికి ఇచ్చిన అంశం 'ఫుట్‌బాల్‌లో ప్రొఫెషనలిజం కాలంతోపాటు ఎలా మారింది'. ఆరు పోస్టర్లు, ఏ2 సైజు. మ్యాటర్ రాసి విజయనగరంలో ఒక డీటీపీ షాపులో ఇచ్చాను. ప్రూఫ్ చూస్తే తల తిరిగింది. ఆరింటిలోనూ ఎడమపక్క మెస్సీ, కుడిపక్క రొనాల్డో, మధ్యలో చీమల బారులా నా మ్యాటర్. హెడ్డింగుకి పసుపు అక్షరాలు, ఎర్ర నీడ, ఆ నీడకి మళ్ళీ తెల్ల అంచు. 1885 నాటి సంగతి చెప్పే పోస్టర్ మీద కూడా మెస్సీయే. తొమ్మిదో తరగతి పిల్లలకి చూపిస్తే పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఒక్కడూ చదవలేదు.

'ఇలా లేకపోతే ఎవరూ చూడరు మాస్టారూ' అంటున్నాడు షాపతను. నిజమేనా? డిజైన్ తెలిసినవాళ్ళు, ఆట తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. బడ్జెట్ పెద్దగా లేదు.

ఆఫ్‌సైడ్_అప్పారావు
మీరు నయం మాస్టారూ. మా వీధిలో పుట్టినరోజు ఫ్లెక్సీలో మెస్సీ స్వయంగా మా వార్డు అన్నకి దండం పెడుతున్నాడు.

బొబ్బిలి_గీతలు
పోస్టర్‌కి ఎంత మ్యాటర్ ఇచ్చారు?

చీపురుపల్లి_పీఈటీ
ఒక్కోదానికి పేజీన్నర అమ్మా.

బొబ్బిలి_గీతలు
షాపతన్ని ఒక్కడినే ఏం అంటాం మరి. గోడ మీద ఉన్నదాన్ని పిల్లలు నడుస్తూ చూస్తారు. ఒక పోస్టర్‌కి ఒక వస్తువు, ఒక పెద్ద వాక్యం, కింద నాలుగు లైన్లు. అంతే. నేను వైజాగ్‌లో డిజైన్ చదువుతున్నాను, మా క్లాసులో మొదట మాన్పించే అలవాటే ఇది, తెలిసిందంతా పెట్టేయడం.

ఇంకోటి, మొహాలు వద్దు. బూటు, బంతి, జీతం కాగితం, మ్యాచ్ టికెట్, ఇలాంటివి పెట్టండి. వస్తువు పక్కన వస్తువు పెడితే మారింది కంటికి కనబడుతుంది. 1900 నాటి ఆటగాడి మొహం, ఇప్పటి ఆటగాడి మొహం పక్కపక్కన పెడితే మీసం తప్ప ఏం తేడా తెలుస్తుంది?

నాగావళి_నాని
ఒప్పుకోను. పిల్లలకి తెలిసిన మొహం లేకపోతే దగ్గరికే రారు. పాత బూటు బొమ్మ చూసి చెప్పుల షాపు యాడ్ అనుకుంటారు.

పాత_రైట్‌బ్యాక్
రైల్వే టీముకి రైట్‌బ్యాక్‌గా, అంటే కుడిపక్క డిఫెండరుగా, ఆడి రిటైరైనవాణ్ణి. బూటు విషయంలో గీతలు అమ్మాయికే నా ఓటు. ఎందుకో చెబుతాను, కాస్త పొడుగు అవుతుంది.

ఇంగ్లండులో ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్ఏ) 1863లో పెట్టారు. అప్పటి పెద్దలంతా పెద్ద పెద్ద స్కూళ్ళలో చదువుకున్నవాళ్ళు. డబ్బు తీసుకుని ఆడటం వాళ్ళకి పరువు తక్కువ పని. ఇటు లాంకషైర్ నూలు మిల్లుల ఊళ్ళలో శనివారం మధ్యాహ్నం సెలవు దొరికిన కార్మికులు ఆడేవారు. ప్రాక్టీసుకో, దూరం మ్యాచ్‌కో ఒక పూట పని మానితే ఆ పూట కూలి పోతుంది. క్లబ్బువాళ్ళు ఆ కూలి ఇవ్వక తప్పదు, ఇస్తే రూల్ ఒప్పుకోదు. అందుకని గుట్టుగా ఇచ్చేవారు. మ్యాచ్ అయ్యాక బూటులో నాణేలు దొరికేవని ఇప్పటికీ చెప్పుకుంటారు.

1883 ఎఫ్ఏ కప్ ఫైనల్లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే మిల్లు ఊరి టీము ఓల్డ్ ఈటోనియన్స్ అనే పెద్ద స్కూలు పాత విద్యార్థుల టీముని 2-1తో ఓడించింది. ఆ టీములో నేతపనివాళ్ళు, ప్లంబర్లు, ఫౌండ్రీ పనివాళ్ళు. ఫైనల్‌కి ముందు టీమంతా బ్లాక్‌పూల్ వెళ్ళి ప్రత్యేకంగా ట్రైనింగ్ చేశారు. అప్పట్లో అది వింత. మరుసటి ఏడాది ప్రెస్టన్ నార్త్ ఎండ్ మీద ఫిర్యాదు వెళ్తే, ఆ క్లబ్బు నడిపే విలియం సడెల్ 'అవును, ఇస్తున్నాం, అందరూ ఇస్తున్నారు' అని మొహం మీదే చెప్పేశాడు. కప్పు నుంచి గెంటేశారు. ఉత్తరాది క్లబ్బులన్నీ విడిపోతామని బెదిరించాయి. చివరికి 1885 జులై 20న డబ్బు తీసుకోవడాన్ని చట్టబద్ధం చేశారు.

మీ మొదటి పోస్టర్ 1863 కాదు మాస్టారూ, 1885. ఒక పాత తోలు బూటు, దాని లోపల ఒక నాణెం. పైన 'ఈ డబ్బు ఎవరు పెట్టారు?' అని రాయండి. చెప్పుల షాపు యాడ్ అని ఎవడంటాడో చూద్దాం.

నాగావళి_నాని
సరే, నాణెం ఉంటే ఒప్పుకుంటాను.

ఆఫ్‌సైడ్_అప్పారావు
గెంటేసిన ఆ ప్రెస్టన్ ఏమైంది గురూ?

పాత_రైట్‌బ్యాక్
1888-89లో మొట్టమొదటి లీగ్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా గెలిచింది. అదే సీజన్లో ఎఫ్ఏ కప్పు ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా కొట్టింది.

ఇంకో తమాషా. 1885 రూలుకి ఒక తోక పెట్టారు. కప్ మ్యాచ్ ఆడాలంటే ప్రొఫెషనల్ ఆటగాడు క్లబ్బు గ్రౌండుకి 6 మైళ్ళ లోపల పుట్టి ఉండాలి, లేదా 2 ఏళ్ళు అక్కడ కాపురం ఉండాలి. ఆ లెక్కన మాస్టారి చీపురుపల్లి కుర్రాడు విజయనగరం టీముకి ఆడటానికి లేదు.

కోట_గేటు
విజయనగరంలో ఫుట్‌బాల్ ఎగ్జిబిషన్ ఏంటండీ అసలు? మనది విజ్జీ ఊరు. క్రికెట్ పెట్టుకోండి.

లెక్కల_టీచరమ్మ
కోట గేటు గారూ, విజ్జీ గారిని ఇందులోకి కూడా తేవచ్చు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన ఇండియా క్రికెట్ జట్టుకి మన విజయనగరం మహారాజకుమార్ కెప్టెన్. ఆట బలం కంటే హోదా బలంతో వచ్చిన కెప్టెన్సీ అది. టీములో గొప్ప ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ని టూర్ మధ్యలో వెనక్కి పంపేశారు. డబ్బు అక్కర్లేనివాడు పైన, ఆటే బతుకైనవాడు కింద. లండన్ పెద్దలు ఫుట్‌బాల్‌లో నిలబెట్టాలనుకున్నదీ ఇదే పద్ధతి. మన పిల్లలకి విజ్జీ స్టేడియం తెలుసు కదా, అక్కడ మొదలెడితే ప్రెస్టన్ దాకా తీసుకెళ్ళొచ్చు.

కోట_గేటు
మీరు మా ఊరి మహారాజుని తిట్టారో పొగిడారో అర్థం కాలేదు మేడమ్.

ఏడురోడ్ల_సుబ్బడు
మా పాత శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు ఆ రోజుల్లోనే సొంత సర్కస్ పెట్టి, టికెట్ అమ్మి బలం చూపించారు. అసలైన ప్రొఫెషనల్ అంటే ఆయన. మీ మహారాజులు మీ దగ్గరే ఉంచుకోండి.

నిర్వాహకుడు
మెస్సీనా రొనాల్డోనా అంటూ వచ్చిన పోస్టులు తీసేశాం. జిల్లాల గొడవ కూడా ఇంతటితో ఆపండి.

డీటీపీ_దాదా
నాదీ ఇక్కడే డీటీపీ షాపు. మాస్టారు వెళ్ళిన షాపు కాదు గానీ ఆ షాపతని తరఫున మాట్లాడతాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళు చేతిరాత కాగితం ఇచ్చి 'సాయంత్రానికి కావాలి, బాగా గ్రాండ్‌గా ఉండాలి' అంటారు. ఏ బొమ్మ కావాలో చెప్పరు. మెస్సీ పెట్టకపోతే 'ఖాళీగా ఉందేటి, బొమ్మ పడలేదేటి' అని తిరిగొస్తారు. ఖాళీ స్థలం వదిలితే ఇంక్ మిగుల్చుకుంటున్నాం అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. గీతలు అమ్మాయి చెప్పినట్టు బొమ్మ, వాక్యం ముందే తేల్చుకుని వస్తే మాకూ హాయి. ఆరు ఏ2లకి ఫ్లెక్సీ ఎందుకు, పేపరు మీద కొట్టించి సన్‌బోర్డుకి (తేలికపాటి ఫోమ్ అట్ట) అతికించండి. ఫ్లెక్సీ గాలికి ముడత పడుతుంది, దగ్గరనుంచి చూస్తే చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి.

వత్తులపిచ్చి
అక్షరాల మాటొచ్చింది కాబట్టి నన్ను ఆపకండి.

మాస్టారూ, ఆ ప్రూఫ్ 'అను' అనే కంపెనీ ఫాంట్లతో చేసుంటారు. అవి మన ఫోన్లలో వాడే యూనికోడ్ కాదు. మీరు వాట్సాప్‌లో పంపిన మ్యాటర్ అందులో అతికిస్తే గజిబిజి అవుతుంది, కుర్రాడు మళ్ళీ టైపు చేస్తాడు, అక్కడే తప్పులు దొర్లుతాయి. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి ఉచితంగా దొరుకుతున్నాయి. హెడ్డింగుకి 'రామభద్ర' లావుగా, గట్టిగా ఉంటుంది. కింద లైన్లకి 'మండలి'. ఆరు పోస్టర్లకీ ఈ రెండే, మూడోది ముట్టుకోవద్దు.

లైన్ల మధ్య ఖాళీ ఇంగ్లీషుకి ఇచ్చినంత ఇస్తే మన వత్తులు కింది లైను గుడుల్ని గుద్దుకుంటాయి. 'క్లబ్బు', 'కాంట్రాక్టు' రెండూ ఒకే చోట పడితే చూడండి. అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు దూరం పెట్టించండి. ఇంకోటి, 'ఫుట్‌బాల్' టైపు చేసేటప్పుడు ట తర్వాత పొల్లుని విడగొట్టే కీ నొక్కకపోతే 'ఫుట్బాల్' అయిపోతుంది. ఆరు హెడ్డింగుల్లోనూ ఆ మాటే కదా, ఆరుసార్లూ కనబడుతుంది.

నీడలు, అంచులు తీసేయండి. లేత గోధుమ రంగు కాగితం మీద నల్ల అక్షరం, ఒక్క ఎరుపు. చాలు.

ఏడురోడ్ల_సుబ్బడు
'గురజాడ', 'గిడుగు' అని కూడా ఫాంట్లు ఉన్నాయి కదా. విజయనగరం వాళ్ళు గురజాడ వాడుకోండి, మేం గిడుగు వాడతాం.

నిర్వాహకుడు
సుబ్బడూ.

లెక్కల_టీచరమ్మ
నాకో పోస్టర్ వదిలేయండి. ట్రాన్స్‌ఫర్ ఫీజులు. 1905లో ఆల్ఫ్ కామన్ సండర్లాండ్ నుంచి మిడిల్స్‌బ్రోకి వెళ్ళినప్పుడు 1,000 పౌండ్లు, మనిషికి అంత ధర ఏంటని అప్పట్లో గగ్గోలు. 1979లో ట్రెవర్ ఫ్రాన్సిస్‌కి దాదాపు 10 లక్షల పౌండ్లు. 2017లో నేమార్‌కి 22.2 కోట్ల యూరోలు, అంటే సుమారు 19.8 కోట్ల పౌండ్లు.

ఇప్పుడు 1,000 పౌండ్లకి 1 మిల్లీమీటరు గీత గీయండి. కామన్ గీత చీమ తలంత కూడా ఉండదు. ఫ్రాన్సిస్ గీత 1 మీటరు, ఏ2 కాగితం పొడవు 594 మిల్లీమీటర్లే కాబట్టి పోస్టర్ దాటి గోడ మీదికి పోతుంది. నేమార్ గీత దాదాపు 200 మీటర్లు. పోస్టర్ అడుగున ఎర్ర రిబ్బను కట్టి తలుపులోంచి బయటికి, గ్రౌండు చుట్టూ తిప్పండి. పిల్లలే పట్టుకుని నడుస్తారు. మీ మెస్సీ కటౌట్ కంటే ఎక్కువ ఫొటోలు దీని దగ్గరే దిగుతారు.

నాగావళి_నాని
ఇది అదిరింది మేడమ్. రిబ్బను నేను కొనిస్తా.

డిగ్రీకాలేజీ_ఎకనామిక్స్
1905 నాటి వెయ్యి, 2017 నాటి వెయ్యి ఒకటేనా? ధరల పెరుగుదల తీసేయకుండా గీత గీస్తే పిల్లలకి అబద్ధం చెప్పినట్టే.

లెక్కల_టీచరమ్మ
రిబ్బను మొదట్లో ఒక చీటీ కడతాం, 'డబ్బు విలువ మారింది, అది తీసేసినా తేడా పెద్దదే' అని. అది కూడా పిల్లలకి ఒక లెక్కే.

పాత_రైట్‌బ్యాక్
రిబ్బను బాగుంది, కట్టండి. కానీ దాని మీద ఒక ముక్క రాయకపోతే తప్పు అర్థం వెళ్తుంది. ఆ డబ్బు క్లబ్బు నుంచి క్లబ్బుకి వెళ్ళేది. ఆటగాడి జేబులోకి కాదు. ఆల్ఫ్ కామన్‌కి వెయ్యి పౌండ్లు పలికిన ఆ రోజుల్లోనే ఇంగ్లండులో ఆటగాడి జీతానికి పైపరిమితి ఉంది, 1901లో పెట్టారు, వారానికి 4 పౌండ్లు. 1961 నాటికి అది 20 పౌండ్లు. ప్రెస్టన్‌కి, ఇంగ్లండుకి ఆడిన టామ్ ఫిన్నీ ప్లంబింగ్ పని కూడా చేసేవాడు. పేరే 'ప్రెస్టన్ ప్లంబర్'. జిమ్మీ హిల్ ఆటగాళ్ళ సంఘానికి నాయకుడిగా సమ్మె చేస్తామని బెదిరించాకే 1961 జనవరిలో పరిమితి పోయింది. వెంటనే ఫుల్‌హామ్ క్లబ్బు జానీ హేన్స్‌కి వారానికి 100 పౌండ్లు ఇచ్చింది.

జీతం ఒక ఎత్తు, వెళ్ళిపోయే హక్కు ఇంకో ఎత్తు. కాంట్రాక్టు అయిపోయినా క్లబ్బు వదలకపోతే ఆటగాడు ఎక్కడికీ పోలేడు. జార్జ్ ఈస్థమ్ న్యూకాసిల్ మీద కోర్టుకెళ్ళి 1963లో కొంత సడలించాడు. పూర్తిగా తెగింది 1995 డిసెంబరు 15న. బెల్జియంలో బోస్మన్ అనే మామూలు ఆటగాడు, పెద్ద స్టార్ ఏమీ కాదు, కాంట్రాక్టు అయిపోయినా లియేజ్ క్లబ్బు ఫీజు అడుగుతోందని ఐరోపా న్యాయస్థానం దాకా వెళ్ళి గెలిచాడు. ఇవాళ కోట్లు తీసుకునేవాళ్ళందరూ ఆయన పుణ్యాన తీసుకుంటున్నారు. ఆయన కెరీర్ మాత్రం ఆ కేసుతోనే పోయింది.

మాస్టారూ, ఎవరిచ్చారు, ఎంతిచ్చారు, వెళ్తానంటే వెళ్ళనిచ్చారా, ఈ మూడు ప్రశ్నలూ ప్రతి పోస్టర్ అడుగున అదే చోట, అదే సైజులో వేయండి. జవాబులు మాత్రం పోస్టర్‌కొకటి మారుతూ పోతాయి.

బొబ్బిలి_గీతలు
రైట్‌బ్యాక్ గారూ, డిజైన్ చదవాల్సింది మీరు. ఆ మూడు ప్రశ్నల పట్టీ ఉంటే ఆరు పోస్టర్లూ ఒక కుటుంబంలా కనబడతాయి. పట్టీ ఎత్తు 6 సెంటీమీటర్లు, ఆరింటికీ కింది అంచు నుంచి ఒకే దూరం. పక్కపక్కన తగిలిస్తే ఒకే గీతలోకి వస్తుంది.

రాజాం_అమ్మ
అమ్మాయిలు ఎక్కడ? ఇంతసేపు చదివాను, ఒక్క ఆడపిల్ల పేరు రాలేదు. మా అమ్మాయి స్కూలు టీములో ఆడుతోంది.

1920 డిసెంబరులో లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో డిక్, కెర్ లేడీస్ మ్యాచ్‌కి 53,000 మంది వచ్చారు. అది ఫ్యాక్టరీ అమ్మాయిల టీము. ఏడాది తిరక్కుండా, 1921 డిసెంబరు 5న, ఎఫ్ఏ తన సభ్య క్లబ్బుల గ్రౌండ్లలో ఆడవాళ్ళ మ్యాచ్‌లు జరగకూడదంది. ఆట ఆడవాళ్ళకి తగదన్నారు, వసూలైన డబ్బు సరిగ్గా ఖర్చు పెట్టట్లేదని కూడా అన్నారు. దాదాపు 50 ఏళ్ళు ఆ నిషేధం. మీ మూడు ప్రశ్నలకి ముందు నాలుగోది ఉంది, అసలు గేటు తీశారా?

చీపురుపల్లి_పీఈటీ
ఈ పోస్టర్ ఖాయం అమ్మా. తాళం వేసిన గేటు, దాని మీద 1921. మా టీములో అమ్మాయిలే ఎక్కువ, వాళ్ళ చేతే గీయిస్తాను.

ఆఫ్‌సైడ్_అప్పారావు
మనవాళ్ళ పోస్టర్ ఏదీ? బూట్లు లేవని 1950 వరల్డ్ కప్‌కి పోనివ్వలేదు కదా మనల్ని.

పాత_రైట్‌బ్యాక్
అది అందరూ చెప్పే కథ అప్పారావూ, పోస్టర్ మీద మాత్రం ఎక్కించకండి. ఓడ ప్రయాణం దూరం, ప్రాక్టీసుకి టైము లేకపోవడం, జట్టు ఎంపిక తగాదాలు, వరల్డ్ కప్ కంటే ఒలింపిక్స్ గొప్పదనే నమ్మకం, ఇలాంటివి చెబుతారు కారణాలుగా. ఉత్త కాళ్ళతో ఆడటం నిజమే. 1911లో మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచినప్పుడు టీములో ఒక్కరికే బూట్లు. 1948 లండన్ ఒలింపిక్స్‌లోనూ చాలామంది ఉత్త కాళ్ళే. 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడాక బూట్లు తప్పనిసరి చేశారు.

మనవాళ్ళ పోస్టర్ అంటే నాకు గుర్తొచ్చేది సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ మనిషి, మీలాగే స్కూలు మాస్టారు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీము 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఇండియా కోచ్‌గా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం. క్యాన్సర్‌తోనే జకార్తా వెళ్ళారు, 1963లో పోయారు.

మన దగ్గర జీతం క్లబ్బు నుంచి రాలేదు, డిపార్టుమెంటు నుంచి వచ్చింది. పోలీసు, రైల్వే, బ్యాంకు. నా మొదటి కాంట్రాక్టు ఒక అపాయింట్‌మెంట్ ఆర్డరు. పొద్దున ప్రాక్టీసు, పది దాటాక ఆఫీసులో కుర్చీ. మోకాలు పోయినా పెన్షన్ పోలేదు. ఇంగ్లండు వాడికి ఆ ధైర్యం లేదు.

డిగ్రీకాలేజీ_ఎకనామిక్స్
అది ప్రొఫెషనలిజం ఎలా అవుతుంది? ఆటకి ఉద్యోగం లంచం.

పాత_రైట్‌బ్యాక్
ప్లంబింగ్ చేసుకుంటే ప్రొఫెషనల్, పార్సెల్ ఆఫీసులో కూర్చుంటే కాదా? నాకు పోస్టింగ్ ఇచ్చినవాడు నా టైపింగ్ చూసి ఇవ్వలేదు, నా ఎడమకాలి ట్యాకిల్ చూసి ఇచ్చాడు.

నాగావళి_నాని
రైట్‌బ్యాక్‌కి ఎడమకాలి ట్యాకిలా!

పాత_రైట్‌బ్యాక్
అందుకే ఉద్యోగం ఇచ్చారు.

వత్తులపిచ్చి
రహీం గారి పోస్టర్‌కి అపాయింట్‌మెంట్ ఆర్డరు బొమ్మ పెట్టండి. టైపు మిషను అక్షరాలు, మూలన ఊదా రంగు రబ్బరు స్టాంపు. ఫొటో వెతుక్కునే పని కూడా తప్పుతుంది.

బొబ్బిలి_గీతలు
ఫొటోల మాటొచ్చింది కాబట్టి ఒక ముక్క. గూగుల్‌లో దొరికిందల్లా కొట్టించకండి. వికీమీడియా కామన్స్‌లో పాత ఫొటోల కింద లైసెన్స్ రాసి ఉంటుంది, అది చూసి తీసుకోండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. ఏ2కి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే పొడవు 7,000 పిక్సెల్స్ పైనే కావాలి. అన్ని పిక్సెల్స్ ఫోన్ స్క్రీన్‌షాట్‌లో ఎక్కడివి. అసలు పిల్లలు బొమ్మలు గీస్తే స్కాన్ చేసి వాడటమే మంచిది.

చీపురుపల్లి_పీఈటీ
పిల్లలకి ఈ చర్చంతా చదివి వినిపించాను. వరస ఇలా అనుకున్నారు. బూటులో నాణెం, తాళం గేటు, ప్లంబర్ సంచి, అపాయింట్‌మెంట్ ఆర్డరు, బోస్మన్ కాంట్రాక్టు కాగితం, దాని అడుగునే మేడమ్ గారి రిబ్బను. ఆరోది తేలలేదు. ఒకడు టీవీ అన్నాడు. 1970 వరల్డ్ కప్‌లో నలుపు తెలుపు బంతి, బ్లాక్ అండ్ వైట్ టీవీలో కనబడాలని అలా చేశారని చదివాడట. ఇంకో అమ్మాయి, 'సార్, ఇప్పుడు మన జిల్లాలో ఆడితే ఎవరిస్తారు డబ్బులు?' అంది. ఏం చెప్పాలో తోచలేదు.

రాజాం_అమ్మ
ఆరోది అదే. ఖాళీ పోస్టర్ పెట్టండి, ఆ పిల్ల ప్రశ్న ఒక్కటే రాయండి.

పాత_రైట్‌బ్యాక్
ఖాళీగా వదిలితే దాటేసినట్టు ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు రాయండి. 1996లో నేషనల్ లీగ్ వచ్చింది, 2007లో ఐ-లీగ్, 2014లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్). ఐఎస్ఎల్ క్లబ్బు కాంట్రాక్టు దొరికితే మంచి డబ్బే, దొరికేది కొద్దిమందికి. 2025-26 సీజన్ లీగ్ నడిపే హక్కుల ఒప్పందం తేలక ఆగిపోతే కొన్ని క్లబ్బులు జీతాలే నిలిపేశాయి. స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలు ఇంకా ఉన్నాయి, నోటిఫికేషన్ వచ్చినప్పుడు. మూడు ప్రశ్నల పట్టీలో ఇవే రాయండి, చిన్నపిల్లలని దాచొద్దు.

ఆఫ్‌సైడ్_అప్పారావు
బంతి కూడా వదలొద్దు మాస్టారూ. పాత తోలు బంతి వానలో తడిస్తే బరువెక్కేదట, తలతో కొడితే దిమ్మ తిరిగేదట.

లెక్కల_టీచరమ్మ
నవ్వులాటకి కాదు అది. ఇంగ్లండు ఆటగాడు జెఫ్ ఆస్టిల్ 2002లో చనిపోతే, ఏళ్ళ తరబడి బంతిని తలతో కొట్టడం వల్ల మెదడు దెబ్బతిందని, అది వృత్తి వల్ల వచ్చిన జబ్బేనని విచారణలో తేల్చారు. 2020లో ఇంగ్లండు ఎఫ్ఏ ప్రైమరీ స్కూలు పిల్లల ట్రైనింగులో హెడింగ్ వద్దంది. పీఈటీ గారు ఇది గోడ మీద పెట్టకపోయినా గ్రౌండులో పాటిస్తే చాలు.

చీపురుపల్లి_పీఈటీ
చిన్న క్లాసుల వాళ్ళకి రేపట్నుంచే ఆపేస్తున్నాను మేడమ్. బంతి మీద బొమ్మ కూడా ఒకటి వేయిస్తా, ప్లంబర్ పోస్టర్ పక్కన చిన్నది.

డీటీపీ_దాదా
మాస్టారూ, ఫైలు పీడీఎఫ్‌లో, ఫాంట్లు కర్వ్స్‌లోకి, అంటే అక్షరాల్ని గీతల బొమ్మలుగా, మార్చి తెండి. చుట్టూ 3 మిల్లీమీటర్లు కటింగుకి వదలండి. ఆదివారం ప్లాటరు (పెద్ద కాగితాల ప్రింటరు) ఖాళీగా ఉంటుంది, సన్‌బోర్డు మీరు తెచ్చుకుంటే అతికించే కూలి వద్దు.

వత్తులపిచ్చి
కర్వ్స్‌లోకి మార్చే ముందు ప్రూఫ్ నాకు పంపండి. మార్చాక వత్తు తప్పయినా దిద్దడానికి ఉండదు.

నాగావళి_నాని
రిబ్బను ఏడు రోడ్ల జంక్షన్‌లో కట్టల లెక్కన అమ్ముతున్నారు, 200 మీటర్లు దాటి ఉంటుంది. మిగిలిన ముక్క ఏం చెయ్యాలి మేడమ్?